పునాదుల మీద సంతకాలు

పద్నాలుగో భాగం

మంగళవారం మునిసిపాలిటీ నోటీసు బోర్డు మీంచి నొక్వాఖా చించుకొచ్చిన కాగితం శనివారం తెల్లవారేదాకా ఆమె బైబిల్లోనే ఉంది. అందులో ఆమెకు కావలసిన సంగతి రెండు ముక్కలే. ‘ఎమలాంగేని, రెండో విడత: మంజూరైన ఇళ్ళు నలభై ఒకటి. పూర్తయి లబ్ధిదారులకు అందినవి నలభై ఒకటి.’ ఈ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు చదివిందో ఆమెకే తెలియదు. చదివిన ప్రతిసారీ లేచి, రేకు తలుపు తీసి బయటికి చూసేది. ఎదురుగా, ఎండిన గడ్డిలో, నలభై ఒక్క సిమెంటు పునాదులు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఒక్కదాని మీదా గోడ లేదు.

మూడేళ్ళుగా ఆ పునాదులే ఊరందరికీ అరుగులు. ఆడవాళ్ళు వాటి మీద బట్టలు ఆరేస్తారు, మొక్కజొన్నలు ఎండబోస్తారు. ఎవరైనా పోతే వంటల పొయ్యిలు వాటి మీదే పెడతారు. పదిహేడో నంబరు మీద ఆదివారాలు చర్చివాళ్ళు ప్రార్థన చేసుకుంటారు. ఇల్లు కావడం తప్ప అవి అన్నీ అయ్యాయి.

కాగితం చూసి నొక్వాఖా ఆశ్చర్యపోలేదు. భయపడింది. ఎందుకంటే ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందో ఎమలాంగేనిలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. దాన్ని చంకలో పెట్టుకుని ఇంటింటికీ తిప్పింది ఆమే.

మూడేళ్ళ కిందట మార్చి నెల. పునాదులు పోసి పది రోజులైంది. నొక్వాఖా అప్పట్లో వార్డు కమిటీలో ఉండేది. బడి మొహం చూడలేదు గానీ, పట్నంలో ఇళ్ళల్లో వంటపని చేసిన రోజుల్లో డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని తనకు తానే చదువు నేర్చుకున్న మనిషి. ఆఫీసు కాగితం ఏది వచ్చినా జనం ఆమె దగ్గరికే తెచ్చేవారు. కాంట్రాక్టరు ఒక కాగితాల కట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పైన పెద్దక్షరాలతో ‘సంతోషపత్రం’ అని ఉంది. కింద: ‘నా ఇల్లు పూర్తయి నాకు అందినది. నేను తృప్తి చెందితిని.’

“ఇళ్ళు లేవలేదు కదయ్యా?” అంది ఆమె.

“మార్చి ముప్పై ఒకటి దాటితే ఈ ఏడు డబ్బు వెనక్కి పోతుందమ్మా. సంతకాలు పడితేనే ఇటుకల లారీ కదుల్తుంది. ఇదంతా చదివి వినిపిస్తే మీవాళ్ళు బెదిరిపోతారు. ఇటుకల కోసం అని చెప్పు చాలు.”

ఆమె అలాగే చెప్పింది. కళ్ళతో ఒకటి చదివి, నోటితో ఇంకోటి చెప్పింది. ‘ఇది ఇటుకల కాగితం, ఇక్కడ వేలు పెట్టండి’ అంది. ఎవరి పునాది మీద వాళ్ళు నిలబడి మరీ వేలిముద్ర వేశారు. పాట పాడుతూ వేశారు. లారీ రాలేదు. ఏప్రిల్లో కాంట్రాక్టరు ఫోను మూగబోయింది.

ఆ నలభై ఒక్కరిలో నొక్వాఖా లేదు. ఆమె దరఖాస్తు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. వెళ్ళినప్పుడల్లా ‘నీ పేరు తర్వాతి విడతలో’ అనేవారు. కమిటీలో నోరెత్తినందుకు కౌన్సిలరు తొక్కిపెడుతున్నాడని ఆమె అనుకునేది. అనుకుని ఊరుకునేది.

“మాద్లోమో! ఇంకా తెమల్లేదా? డేరాలో ముందు వరస కుర్చీలు అయిపోతాయే!”

ఆ గొంతు పక్కింటి తెంజివేది. ఆమె నొక్వాఖాను వంశం పేరుతో మాద్లోమో అంటుంది, ఈమె ఆమెను మాంబేలే అంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరి గుడిసెలకూ మధ్య గోడ ఒక్కటే, ఒకే రేకు. ఇటువైపు దగ్గితే అటువైపు నుంచి మందు వస్తుంది.

నొక్వాఖా బైబిలు సంచిలో పెట్టుకుని, గుమ్మం ముందున్న పాత పెయింటు డబ్బాల్లో ఇన్ని నీళ్ళు ఒంపింది. ఈ దేశంలో జూన్ అంటే నడి చలికాలం, ఆ చలికి ఆకుకూర ముడుచుకుపోయి ఉంది. ఆ డబ్బాల్లో విత్తనాలు మొదట వేసింది ఆమె భర్త జోలీలే. నేల మీద నాటితే ఎవడో ఒకడు ఖాళీ చెయ్యమంటాడు, డబ్బాల్లో అయితే చంకనెత్తుకుని పోవచ్చు అనేవాడు. పంతొమ్మిదేళ్ళ కిందట ఇలాంటి చలి పొద్దునే గనుల్లో పనికని బయల్దేరాడు. అక్కడ అడుగుతారని పెళ్ళి కాగితమున్న రేకు పెట్టె కూడా పట్టుకెళ్ళాడు. మొదటి ఏడు రెండు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత లేవు. అప్పట్నుంచీ నొక్వాఖా ఎవరినీ సాగనంపడానికి టాక్సీ స్టాండు దాకా వెళ్ళదు. వ్యాను హారను వినబడితే లోపలికొచ్చి గిన్నెలు తోముకుంటుంది. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు మాత్రం రాత్రుళ్ళు వరసగా గుర్తొస్తాయి. జోలీలే, తరవాత తమ్ముడు, తరవాత చెల్లెలు నోమసా, తరవాత నోమసా కూతురు. ఆ వరసలోకి తెంజివే పేరు రాకూడదన్నదొక్కటే ఈ నాలుగు రోజులుగా ఆమె ప్రార్థన. ఇళ్ళు అందినవాళ్ళ గుడిసెలు తీయించేస్తారని ఆ నోటీసు అడుగున ఉంది మరి.

“మళ్ళీ ఆ చచ్చిన ఆకులకి నీళ్ళా?” అంది తెంజివే. మనిషి పొడగరి, భుజాల మీద గళ్ళ దుప్పటి, తలకు ఎర్ర గుడ్డ. చేతిలో వేడి పిండిబొండాల పొట్లం. “ఇంద, తిను. ఇవాళ కడుపులో ఏదో ఒకటి లేకపోతే ఆ కౌన్సిలరు మపాసా గాడి ఉపన్యాసం దిగదు.”

“ఆకలిగా లేదు.”

“నాలుగు రోజుల్నుంచీ నీకు ఆకలి లేదు. గోడ అవతల గిన్నె చప్పుడు వింటూనే ఉన్నాను. ఏంటే, ఒంట్లో బాగాలేదా?”

“నిద్రపట్టలా.”

“నాకు మాత్రం పట్టిందా? ఆరుసార్లు వెళ్ళానే ఆ ఆఫీసుకి. ఆరుసార్లూ ఆ పిల్ల కంప్యూటర్లో చూసి ‘మీకు ఇల్లొచ్చేసిందమ్మా’ అంటుంది. వచ్చిందట! ఎక్కడ దాక్కుందో! నా పేరు మీద ఎవడో సంతోషపత్రం రాసిచ్చాడు. వాడు దొరకాలి. వాడి వేళ్ళు ఉడకబెట్టి కుక్కలకి వేస్తాను.”

ఈ మాట నొక్వాఖా మూడేళ్ళుగా వింటోంది. టీ తాగుతూ వింది, బట్టలు పిండుతూ వింది. ప్రతిసారీ తల ఊపింది. ఇవాళ ఊపలేకపోయింది. దారి పొడుగునా ఆమె చేతిలో పిండిబొండం అలాగే చల్లారిపోయింది.

డేరా బడి మైదానంలో వేశారు. లోపల ఒక వైపు తాడుకి పెద్ద పటం వేలాడదీశారు. ఎమలాంగేని మూడో విడత ఇళ్ళు, బడి, కొత్త రోడ్డు. రోడ్డు ఎర్ర గీత. ఆ గీత సరిగ్గా తమ గుడిసెల వరస మీదుగా పోతోందని నొక్వాఖా గుమ్మంలోంచే చూసింది. ప్రజలు అభిప్రాయాలు చెప్పడానికి ఇవాళే ఆఖరు రోజు. ఇవాళ ఈ డేరాలో చెప్పి పుస్తకంలో రాయించుకున్నదే మాట. సోమవారం పుస్తకమూ, ఇళ్ళ లెక్కల నివేదికా కలిపి కౌన్సిల్ ముందుకు పోతాయి. ఆపైన అరిచినా గాలితో అరిచినట్టే.

కౌన్సిలర్ మపాసా గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. ప్రార్థన అయింది. ఆయన మాట్లాడి కూర్చున్నాక, ఇళ్ళ లెక్కలు చూసే ఉద్యోగి లేచింది. యోలీసా అని, పాతికేళ్ళ అమ్మాయి. మెడలో గుర్తింపు కార్డు, చంకలో లావుపాటి ఫైలు. కట్టిన ఇళ్ళు నిజంగా కట్టారో లేదో, వాటిలో ఎవరుంటున్నారో తిరిగి చూసి రాయడం ఆమె పని. చేరి మూడు నెలలైంది.

“అమ్మలకీ అయ్యలకీ దండాలు,” అంది మైకులో. “రోడ్డు దారిలో ఉన్న గుడిసెలు రెండు రకాలు. ఇల్లు ఇంకా రానివాళ్ళకి మూడో విడతలో ఇక్కడే ఇల్లొస్తుంది. ఇప్పటికే వచ్చినవాళ్ళు ముప్పై రోజుల్లో గుడిసె తీసెయ్యాలి. వెళ్ళడానికి చోటు లేకపోతే లవాండిలేలో తాత్కాలిక వసతి ఉంది.”

“లవాండిలేనా!” వెనక నుంచి ఎవరో అరిచారు. “టాక్సీలో రెండు గంటలు! అక్కడ కోతులే ఉండలేక ఇటొచ్చాయి!”

డేరా నవ్వింది. యోలీసా కూడా సగం నవ్వి, ఆపుకుని, ఇళ్ళు వచ్చినవాళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టింది. పన్నెండో పేరు సోండ్లో తాతది. చేతికర్ర ఊతంతో ఆయన నెమ్మదిగా లేచాడు.

“అమ్మాయ్, నా ఇల్లు పన్నెండో నంబరు కదూ?”

“అవును తాతా.”

“చాలా సంతోషం. మరి ఆ ఇంటి పైకప్పు నిన్న రాత్రి నక్షత్రాలతో నిండిపోయింది. దాన్ని తుడవాల్సింది నేనా, మునిసిపాలిటీనా?”

ఈసారి నవ్వు ఆగలేదు. యోలీసా మొహం ఎర్రబడింది. “తాతా, రెండో విడత నేను చూడలేదు. అంతకుముందు ఉన్నాయన చూశారని ఫైల్లో ఉంది. నాకు మొదటి విడతా, నది అవతలి కాలనీ మాత్రమే తిరగమన్నారు.”

“వంద అడుగులు నడిస్తే కనిపించేదానికి ఫైలెందుకమ్మా?”

మపాసా మైకు అందుకున్నాడు. “ఇదిగో, ఆటలొద్దు. పునాదులు అలా ఉన్నాయని నాకూ తెలుసు. కానీ ఇళ్ళు ముట్టాయని సంతోషపత్రాలున్నాయి. వేలిముద్రలున్నాయి. ఇటుకలు మీరు అమ్ముకున్నారో, కాంట్రాక్టరుతో కలిసి పంచుకున్నారో నాకేం తెలుసు? దయ్యాలొచ్చి వేలు పెట్టాయా?”

తెంజివే కుర్చీ వెనక్కి పడిపోయింది. “నేను పెట్టలేదు! నా ఇరవై మూడో నంబరు మీద నేను ఒక్కటే కాగితానికి వేలు పెట్టాను, ఇటుకల కాగితానికి! ఆ సంతోషపత్రం మీద నా వేలు పెట్టిందెవడో పిలిపించండి. ఇక్కడ, నా ఎదురుగా. అప్పటిదాకా నా గుడిసె మీద ఒక్క మేకు కదిలినా ఒప్పుకోను.”

“రుజువేది?” అన్నాడు మపాసా. “ఊరికే అంటే పుస్తకంలో రాస్తారా? చూసినవాళ్ళుంటే లేవమను.”

నొక్వాఖా మనసులో లెక్క వేసుకుంది. ఊరుకుంటే ముప్పై రోజులకు ట్రక్కు వస్తుంది. తెంజివే పరుపూ, తెంజివే కుండలూ, ఎర్ర తలగుడ్డా ఎక్కించుకుని పోతుంది. చెబితే తెంజివే ఇక్కడే ఉంటుంది, ఆ రేకు గోడకు అవతలే ఉంటుంది, కానీ ఇక దగ్గినా అటు నుంచి ఏమీ రాదు. ఎటు చూసినా మనిషి పోవడమే. అయితే ఒక దాంట్లో తెంజివేకి ఇల్లుంటుంది.

ఆమె లేచింది.

“నేను చెప్పాలి,” అంది.

మపాసా ఆమెను చూశాడు. ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఆ కాగితాలు ఎవరి చేతుల మీదుగా వెళ్ళాయో ఆయనకు తెలుసో తెలియదో గానీ, కమిటీలో ఈ ముసలమ్మ నోరు తెరిస్తే ఏమవుతుందో తెలుసు. ముందు వరసలో ఉన్న తన మనుషుల వైపు చిన్నగా తల ఆడించాడు.

ఎమలాంగేని సభల్లో ఎవరినైనా కూర్చోబెట్టాలంటే కేకలు వెయ్యరు. పాట ఎత్తుకుంటారు. ఒకరు మొదలుపెడితే వందమంది అందుకుంటారు, కాళ్ళతో నేల దంచుతారు. పాట ఆగేసరికి మాట్లాడేవాడు కూర్చునే ఉంటాడు, ఏం చెప్పబోయాడో వాడికే గుర్తుండదు. ముందు వరసలో ఒకడు గొంతెత్తాడు. అటూ ఇటూ అందుకున్నారు. నొక్వాఖా పెదవులు కదులుతున్నాయి గానీ మాట ఆమె చెవికే వినబడడం లేదు. ఒక్క క్షణం ఆమెకు హాయనిపించింది. ఈ పాటలోనే కూర్చుండిపోతే, లేచాను కదా, చెప్పబోయాను కదా అని దేవుడికి చెప్పుకోవచ్చు.

అంతలో తెంజివే పక్క కుర్చీ వీపు మీద అరచేత్తో కొట్టింది. ఆ ఊళ్ళో పాట ఎత్తడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఎత్తడం వచ్చినవాళ్ళకే దించడమూ వస్తుంది. అదే పాటను ఇంకో గొంతుతో, ఇంకా పైనుంచి అందుకుంది. జనం ఆమె వెంట పోయారు. రెండు చరణాలు అందరినీ తన వెనక నడిపించి, మూడోది మొదలుపెట్టకుండా చెయ్యెత్తి ఆపేసింది. డేరా మొత్తం ఆగిపోయింది.

“మా మాద్లోమో మాట్లాడుతోంది,” అంది తెంజివే రొప్పుతూ. “ఇరవై రెండేళ్ళలో ఈ మనిషి నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. వినండి. చెప్పవే.”

చెప్పవే అన్న ఆ పిలుపే నొక్వాఖాను నిలువునా కోసింది. సంచిలోంచి బైబిలు తీసింది. అందులోంచి కాగితం తియ్యబోయి, దాంతో పని లేదని మళ్ళీ లోపల పెట్టేసింది.

“ఇటుకల కాగితమూ సంతోషపత్రమూ వేరువేరు కాదు,” అంది. “రెండూ ఒకటే. తెచ్చింది నేను.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

“మూడేళ్ళ కిందట మార్చిలో నలభై ఒక్క కాగితాలు మీ దగ్గరికి పట్టుకొచ్చానా? వేలు పెట్టించానా? దాని మీద ఇల్లు అందింది, తృప్తిగా ఉంది అని రాసుంది. నేను చదివాను. నాకు చదవడం వచ్చు. అది చదివి, మీకు ఇటుకల కాగితమని చెప్పాను. సంతకాలు పడకపోతే డబ్బు వెనక్కి పోతుందన్నాడు కాంట్రాక్టరు. గోడలు లేవాలన్న తొందరలో... వాడు చెప్పమన్నది చెప్పాను. నాకేమీ ఇవ్వలేదు వాడు. నేను అడగలేదు. కానీ నోటితో అబద్ధం చెప్పింది నేనే. ఇళ్ళు లేవు. ఏ పునాది మీదా ఒక్క ఇటుక పడలేదు. ఇది ఆ పుస్తకంలో రాయండి. నా పేరుతో రాయండి.”

అందరి తలలూ నొక్వాఖా వైపు తిరిగాయి.

తెంజివే ఆమె వైపు తిరగలేదు. ఎదురుగా వేలాడుతున్న పటం వైపు చూస్తూ నిలబడింది. “ఆ రోజు నేను వంటగది ఎక్కడొస్తుందో చూపించాను నీకు,” అంది చివరికి. గొంతులో కోపం కూడా లేదు. “పొయ్యి ఇక్కడ, బల్ల ఇక్కడ అని. అప్పుడు నీ చేతిలో ఉన్న కాగితంలో నా వంటగది అయిపోయిందని రాసుందా?”

“రాసుంది మాంబేలే.”

“ఆరుసార్లు వెళ్ళొచ్చాను ఆఫీసుకి. వచ్చి ప్రతిసారీ నీ దగ్గర కూర్చుని ఏడ్చాను.”

“తెలుసు.”

“టీ ఇచ్చావు. చక్కెర ఎక్కువేసి.”

నొక్వాఖా బైబిలు సంచిలో పెట్టుకుంది.

సోండ్లో తాత కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టాడు. “తిట్టుకోవడానికి రేపూ ఎల్లుండీ ఉన్నాయి. ఇంటికెళ్ళి తీరిగ్గా తిట్టండి, నేనూ వస్తాను. అమ్మాయ్, ముందు నువ్వు ఆ ముక్క రాసుకో.”

యోలీసా అప్పటికే రాస్తోంది. మపాసా ఆమె వైపు వంగి ఏదో గొణిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కలం ఆపలేదు. “సభలో చెప్పింది రాయడం నా పని సార్,” అంది మైకులో పడేలా. “ఇది పుస్తకంలోకి ఎక్కితే సోమవారం నివేదిక ఇలాగే పోదు. ఎవరో ఒకరు వచ్చి నలభై ఒక్క పునాదులూ నడిచి చూడాలి. చూసేదాకా రెండో విడతవాళ్ళెవరినీ కదపడానికి లేదు.”

అప్పుడు ఊపిరి తీసుకుంది డేరా. ఎవరో ఏడ్చారు, ఎవరో దేవుడికి దండం పెట్టారు. ఎవరూ నొక్వాఖా వైపు చూడలేదు. అయినా ఆమెకు ఒక బరువు దిగినట్టుంది. తెంజివే ఎక్కడికీ పోదు. మాట్లాడకపోయినా గోడ అవతలే ఉంటుంది. గిన్నె చప్పుడు వినబడుతుంది. అది చాలు.

“ఒక్క నిమిషం అమ్మా,” అంది యోలీసా. “ఎవరైనా అడిగితే చూపిద్దామని పత్రాల కట్ట తెచ్చాను. ఇవి మీరు సేకరించినవేనా చూసి చెప్తే, మీ మాటకి పక్కన ఆ వాక్యమూ రాస్తాను.”

ఫైలు తెరిచి కాగితాలు బల్ల మీద పరిచింది. నొక్వాఖా దగ్గరికెళ్ళి వంగి చూసింది. అవే. సిరా కాస్త అలికిన వేలిముద్రలు, ఎండలో పట్టుకుని తిరిగినందుకు అంచుల్లో తన చెమట మరకలు. యోలీసా ఒక్కొక్కటీ తిరగేస్తూ లెక్కపెట్టింది. ఆఖరికి ఆగింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

“నలభై రెండున్నాయి.”

“నలభై ఒకటే బిడ్డా. ఒక్కొక్కటీ నా చేతుల్లోంచి వెళ్ళిందే.”

“లేదమ్మా. ఇదిగో, అడుగున. అదే కాంట్రాక్టరు, అదే నెల. వేలిముద్ర కాదు, సంతకం ఉంది.” ఆ పిల్ల పేరు చదివి, తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. “మీరు నొక్వాఖా గారే కదా?”

“అవును.”

“ఇది మీదే.”

“నాకు పునాదే లేదు. నేనెప్పుడూ సంతకం చెయ్యలేదు.”

“ఇది పునాది కాదమ్మా. నది అవతలి కాలనీ, మూడువందల తొమ్మిదో నంబరు. భార్యాభర్తల పేరు మీద. పెళ్ళి కాగితం నంబరు కూడా వేశారు. పోయిన నెల ఆ వీధి నేనే తిరిగాను.” యోలీసా గొంతు తగ్గించింది గానీ మైకు బల్ల మీదే ఉంది. “అది ఇల్లు. గోడలున్నాయి, కప్పుంది.”

మపాసా లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో ఇందాకటి చీకటి పోయింది. “విన్నారా? విన్నారా అమ్మలారా? నలభై ఒక్కమందికి పునాదులు, సంతకాలు పోగుచేసిన మనిషికి ఇల్లు! ‘నాకేమీ ఇవ్వలేదు’ అంటోంది! ఈవిడ మాటనా మీరు పుస్తకంలో రాయించుకునేది? కొట్టెయ్యి అమ్మాయ్, ఆ వాక్యం కొట్టెయ్యి!”

యోలీసా కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది. కుర్చీలు కదిలాయి. వెనక వరసల్లోంచి ఒక గొంతు నెమ్మదిగా పాట ఎత్తుకుంది. ఈసారి ఆపడానికి ఎవరూ చెయ్యెత్తలేదు.

తెంజివే బల్ల దగ్గరికి వచ్చింది. మొదటిసారి నొక్వాఖా కళ్ళల్లోకి చూసింది. “అమ్మాయ్,” అంది, కళ్ళు తిప్పకుండానే, “ఆ ఇంటికి కర్టెన్లున్నాయా?”

“ఉన్నాయమ్మా.”

“ఏ రంగు?”

“పసుపు.”

“పసుపు,” అంది తెంజివే. “ఇరవై రెండేళ్ళు నా గోడకి ఆనుకుని బతికావు. పసుపు రంగంటే ఇష్టమని ఒక్కసారి కూడా చెప్పలేదేమే?”

నొక్వాఖాకు పాట వినబడడం లేదు. తెంజివే మాట కూడా సగమే వినబడింది. పెళ్ళి కాగితం అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. ఆ కాగితం ఒక రేకు పెట్టెలో ఉంది. ఆ పెట్టె పంతొమ్మిదేళ్ళ కిందట ఒక చలి పొద్దున టాక్సీ ఎక్కింది. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

“అక్కడ... ఆ ఇంట్లో ఎవరున్నారు బిడ్డా?”

యోలీసా తన తనిఖీ పుస్తకం తీసి పేజీలు తిప్పింది. వేలితో వరస వెతికింది.

“ఒక పెద్దాయన తలుపు తీశారు. గుమ్మం ముందు పెయింటు డబ్బాల్లో ఆకుకూర ఉంది, అందుకే గుర్తుంది. యజమానురాలు ఇంట్లో ఉందో లేదో అడిగి రాసుకోవాలి మేము. అడిగాను.” ఆ పిల్ల రాసుకున్నది రాసుకున్నట్టే చదివింది. “‘మా ఆవిడ బజారుకెళ్ళింది, ఇంకాసేపట్లో వచ్చేస్తుంది’ అన్నారు.”